కుక్కపిల్లను ఇచ్చే ముందు ఇన్ని ప్రశ్నలెందుకంటే...

"వీధికుక్క పిల్లను తెచ్చుకుందామంటే ఆధార్ కాపీ అడుగుతున్నారు, ఇంటి ఓనర్ ఒప్పుకున్నాడా అంటున్నారు, ఇంటికొచ్చి చూస్తామంటున్నారు. పెళ్ళికి పిల్లనిచ్చేటప్పుడు కూడా ఇన్ని అడగరు. ఊరికే ఇచ్చేదానికి ఇంత అవసరమా?" అని మీరు అడిగారు.

పిల్లనిచ్చేటప్పుడు దీనికి పదింతలు అడుగుతారండీ. కాకపోతే మీ మొహాన అడగరు. మీ పక్కింటావిణ్ణి, కిరాణా కొట్టాయన్ని, మీ ఆఫీసులో పనిచేసే ఎవరి తమ్ముణ్ణో పట్టుకుని అడుగుతారు. కుక్కపిల్లల్ని ఇచ్చే మేం మిమ్మల్నే అడుగుతున్నాం, అంతే తేడా.

నేను సరూర్‌నగర్‌లో ఉంటాను. మా సందులో పుట్టిన పిల్లల్నీ, ఎవరో అట్టపెట్టెలో పెట్టి వదిలేసిపోయిన పిల్లల్నీ ఇంట్లో ఉంచుకుని, సూదులు వేయించి, ఇళ్ళు వెతికి పంపిస్తుంటాను. సంస్థ లేదు, రసీదు పుస్తకం లేదు. ఇన్నేళ్ళలో నాకు కుదిరిన అభిప్రాయం ఒక్కటే. ప్రశ్నలు అడగాల్సిందే, కానీ అందరూ అడిగేది తప్పు మనిషిని. కుక్క కావాలన్నవాణ్ణి ఏం అడిగినా "ఓ, తప్పకుండా" అంటాడు. వాణ్ణి వదిలేసి, ఆ ఇంట్లో వద్దంటున్న మనిషెవరో కనుక్కుని ఆ మనిషిని అడగాలి. ప్రతి ఇంట్లోనూ ఒకరుంటారు.

చాలామంది వాడే దత్తత ఫారం అమెరికా నుంచి దిగిందని చూడగానే తెలిసిపోతుంది. "మీ పెరటికి కంచె ఉందా, ఎంత ఎత్తు?" అని ఉంటుంది. దిల్‌సుఖ్‌నగర్‌లో డబుల్ బెడ్‌రూమ్ ఫ్లాటుకి పెరడేంటి, కంచేంటి? "కుక్క రోజుకి ఎన్ని గంటలు ఒంటరిగా ఉంటుంది?" అని ఇంకోటి. మన ఇళ్ళలో కుక్క ఒంటరిగా ఉండదు, అమ్మమ్మతో ఉంటుంది. ఆ అమ్మమ్మ గురించి మాత్రం ఫారంలో ఒక్క గడి ఉండదు.

నా ఫారం చాలా చిన్నది. "సంక్రాంతికి ఎక్కడుంటారు?" అంటాను. తెలంగాణ వాళ్ళయితే సంక్రాంతి బదులు దసరా. ఊరికెళ్తామంటారు. మరి కుక్క? "అప్పటికి చూసుకుంటాంలెండి" అన్నారా, ఇంట్లో ఆ మాటే రాలేదని లెక్క. పండగ వెళ్ళాక మెడలో పట్టీతో రోడ్ల మీద తిరిగే కుక్కలు ఎక్కణ్ణుంచి వస్తాయనుకున్నారు?

వనస్థలిపురం వైపు ఒకింటికి వెళ్ళాను. బీటెక్ చదివే అబ్బాయి ఫారం ముచ్చటగా నింపి పంపాడు. మూడో అంతస్తు, లిఫ్టు లేదు. వాళ్ళమ్మ టీ తెచ్చింది, అక్క ఆన్‌లైన్‌లో తెప్పించిన పరుపు చూపించింది, అబ్బాయి పేరు కూడా ఖాయం చేసేసుకున్నాడు. తండ్రి ఆర్టీసీలో కండక్టరుగా చేసి రిటైరయ్యారు. కిటికీ పక్కన పేపరు చదువుకుంటూ, తల ఎత్తకుండానే, "నాకైతే ఇష్టం లేదు. అది గూడ రాస్కో బిడ్డా" అన్నారు.

"నాన్న అట్లనే అంటడక్కా, మీరు పట్టించుకోకండి" అన్నాడు అబ్బాయి.

నేను కుర్చీ ఆయన వైపు తిప్పుకున్నాను. "ఎందుకిష్టం లేదంకుల్?"

పేపరు మడిచి పక్కన పెట్టారు. ఎవరో ఒకరు అడుగుతారని చాన్నాళ్ళుగా చూస్తున్నట్టున్నారు. "వీడు పొద్దుగాల ఎనిమిదింటి దాంక లేవడు. కుక్క ఆరింటికే లేస్తది. ఎవరు తిప్పాలె? నేనే. మూడంతస్తులు దిగాలె, మళ్ళ ఎక్కాలె. ఇన్నేండ్లు బస్సుల నిలబడి టికెట్లు కొట్టిన మోకాళ్ళివి. సుస్తి చేస్తే డాక్టరుకు ఎవరియ్యాలె? నా పింఛన్ల కెళ్ళే. కింది పోర్షనాయన మెట్ల మీద చెప్పులు ఇడిస్తేనే లొల్లి చేస్తడు, ఇది మొరిగితే ఊకుంటడా? శనివారం మా ఇంట్ల నీసు ముట్టం. ఇగ దసరాకు అందరం ఊరికి పోతం. దీన్ని బస్సు ఎక్కనిస్తరా? నేను డ్యూటీల ఉన్నప్పుడు నేనే ఎక్కనియ్యలే."

అన్నీ రాసుకున్నాను. మిగతా ముగ్గురి కళ్ళ ముందూ ఉన్నది ఫోటోలో చూసిన నెలన్నర పిల్ల. అది పెరిగి, మొరిగి, జబ్బు చేసి, పండక్కి అడ్డమొచ్చే దాకా ఊహించుకున్నది ఆయనొక్కరే. "ఇవన్నీ నాన్నగారితో తేల్చుకుని రా, అప్పటిదాకా పిల్ల నా దగ్గరే ఉంటుంది" అని అబ్బాయితో చెప్పి లేచాను. వాడి మొహం మాడిపోయింది.

తరవాతి ఆదివారం తండ్రీకొడుకులిద్దరూ వచ్చారు. ఆటోలో వచ్చారు, ఎందుకంటే తిరిగి వెళ్ళేటప్పుడు బస్సు ఎక్కనివ్వరని ఆయనకు తెలుసు. ఒప్పందం మొత్తం ఆయనే ఒప్పజెప్పారు. పొద్దున తిప్పడం కొడుకు పని, తప్పితే ఆ నెల ఫోన్ రీఛార్జి బంద్. డాక్టరు ఖర్చు కొత్తగా ఉద్యోగంలో చేరిన కూతురిది. కింది పోర్షనాయనతో ముందే మాట్లాడారు. దసరాకి హయత్‌నగర్‌లో ఉండే చెల్లెలింట్లో దించి వెళ్తారు. శనివారం పెరుగన్నం. వారానికి ఒక్కరోజు పెరుగన్నం తింటే దానికేం కాదని నేను చెప్పాను.

అప్పటికి నా దగ్గర రెండు పిల్లలు మిగిలాయి, గోధుమరంగు మగది, నల్లటి ఆడది. అబ్బాయి తిన్నగా మగదాని దగ్గరికి పోయాడు. అందరూ అంతే. ఆడపిల్ల అంటే "మళ్ళీ ఈనుతుందేమోనండీ" అని వెనక్కి తగ్గుతారు, అవి నా దగ్గరే పెద్దవైపోతాయి. ఈయన మాత్రం, "మగది వద్దు. పెద్దగైనంక కాలెత్తి కింద బండ్ల టైర్లన్నీ తడుపుతది, ఆ పంచాయితీ నాకెందుకు?" అని నల్లదాన్ని బుట్టలో పెట్టించారు. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ ఎప్పుడు, ఎవరు చేయించాలని కూడా నేను ఎత్తకముందే అడిగారు. ఆర్నెల్లు దాటాక నేనే తీసుకెళ్తానంటే, నా మాట మీద నమ్మకం చాల్లేదో ఏమో, నా చేతనే కాగితం మీద రాయించుకున్నారు.

తరవాత ఆ తండ్రి మనసు కరిగి, కుక్కను ఒళ్ళో కూర్చోబెట్టుకుని పేపరు చదువుతున్నాడనే కథ వినాలనుందేమో. అలాంటిదేం లేదు. ఇప్పటికీ పొద్దున తిప్పేది కొడుకే, ఇప్పటికీ దాన్ని సోఫా ఎక్కనివ్వరు. ఒప్పందం ఒప్పందంలా నడుస్తోంది. నాక్కావాల్సిందీ అదే.

ఇంకో ఇంట్లో అంతా దీనికి తిరగేసి. నార్సింగి దాటాక పెద్ద గేటెడ్ కమ్యూనిటీ, భార్యాభర్తలిద్దరూ సాఫ్ట్‌వేర్. వంటింట్లో ఉన్న పెద్దావిడను పిలిచి అడగబోతే కోడలే జవాబు చెప్పేసింది, "అత్తయ్యగారికి కుక్కలంటే ప్రాణమండీ" అని. ఆవిడ బాల్కనీ టైల్స్ వైపు చూస్తూ నిలబడింది. నేను బయల్దేరుతుంటే తలుపు దాకా వచ్చి, "మా ఊళ్ళో కుక్క గడప అవతల ఉండేదమ్మా. ఇక్కడ గడప దాటితే లిఫ్టే కదా" అంది. పగలంతా తుడిచేదీ కడిగేదీ ఆవిడే. ఇవ్వనని చెప్పాను. "డబ్బు పెట్టి కొంటే ఎవడూ ఏం అడగడు" అన్నాడావిడ కొడుకు కోపంగా. నిజమే, ఎవడూ అడగలేదు. నెల తిరక్కుండా హస్కీ పిల్లను కొనుక్కున్నారు.

నా అసలు కడుపుమంట ఇక్కడే. ఊరికే ఇచ్చే మేం అడిగితే అతి. వేలకు వేలు తీసుకుని అమ్మేవాడు అడిగేది ఒక్కటే, ఫోన్‌పేనా, క్యాషా. 2017లో కేంద్రం కుక్కల పెంపకం, అమ్మకాల మీద నియమాలు తెచ్చింది. రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డులో నమోదు కాకుండా పిల్లలు తీయించి అమ్మకూడదు. ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మకూడదు. బయట చూస్తే నెల పిల్లను బైకు మీద తెచ్చి చేతిలో పెడుతున్నారు. బొద్దుగా, ముద్దుగా ఉండేది అప్పుడే కదా, అప్పుడే అమ్ముడుపోతుంది. తల్లి దగ్గర, తోబుట్టువుల మధ్య ఆ నాలుగు వారాలు ఉంటేనే ఎంత గట్టిగా కొరికితే అవతలివాళ్ళకు నొప్పో పిల్లకు తెలుస్తుంది. అది తెలియని పిల్లను తెచ్చుకుని, ఆర్నెల్లు గడిచాక "కరుస్తోందండీ, మీరేమైనా తీసుకుంటారా?" అని నాకు ఫోన్లు. మొదటి సూది కూడా పడకముందే ఇల్లు మారిన పిల్లకు పార్వో అనే వైరస్ జబ్బు పట్టుకుందంటే నెత్తురు విరేచనాలతో రెండు మూడు రోజుల్లో పోవచ్చు. కెన్నెల్ క్లబ్ కాగితాలున్నాయని గొప్పగా చూపిస్తారు. అందులో కుక్క తాతముత్తాతల పేర్లుంటాయి, కొనేవాడి ఇంట్లో ఎవరెవరుంటారో ఒక్క ముక్క ఉండదు. మంచులో బండ్లు లాగే హస్కీ జాతిని విజయవాడ మే నెల ఎండలోకి అమ్మేవాడు ఇంట్లో ఏసీ ఉందా అనైనా అడగొద్దూ?

పోనీ తెచ్చుకున్న కుక్కను రోడ్డున వదిలేసినవాడికి శిక్ష గట్టిగా ఉందా అంటే, 1960 నాటి జంతుహింస నిరోధక చట్టంలో మొదటిసారి దొరికితే జరిమానా 10 రూపాయల నుంచి 50 రూపాయల దాకా. మల్టీప్లెక్సులో పాప్‌కార్న్ కూడా రాదు. వదిలేశాక చేయగలిగేదేం లేదు కాబట్టే ఇచ్చే ముందు ఇంత తంతు. 2025 ఆగస్టు 22న ఢిల్లీ వీధికుక్కల కేసులో సుప్రీంకోర్టు, కావాలన్నవాళ్ళు మున్సిపాలిటీకి దరఖాస్తు పెట్టి వీధికుక్కను దత్తత తీసుకోవచ్చు, కానీ అది మళ్ళీ వీధిలోకి రాకుండా చూసే బాధ్యత వాళ్ళదేనని చెప్పింది. మంచి మాటే. వాళ్ళింట్లో వద్దనేవాళ్ళెవరో మున్సిపాలిటీ కనుక్కుంటుందా అన్నదే నా అనుమానం.

అద్దె ఇళ్ళ సంగతి. అపార్ట్‌మెంట్ సంఘాలు పెంపుడు కుక్కల్ని నిషేధించకూడదని భారత జంతు సంక్షేమ బోర్డు 2015లోనే మార్గదర్శకాలిచ్చింది. ఆ కాగితం సంఘం అధ్యక్షుడి ముందు పనికొస్తుంది, అగ్రిమెంటు పొడిగించనన్న ఓనర్ ముందు పనికిరాదు. అగ్రిమెంటు 11 నెలలది, కుక్క పన్నెండు పదమూడేళ్ళు బతుకుతుంది. అందుకని ఓనర్ మాట అడుగుతారు, మీ మీద అనుమానంతో కాదు. బ్యాచిలర్లకు అసలివ్వమని కొందరు ఫారం మీదే రాస్తారు, అది నాకు నచ్చదు. నేనిస్తాను, కాకపోతే వాళ్ళమ్మతో ఫోన్లో మాట్లాడాకే. పెళ్ళి కుదిరాక ఆ కుక్క చేరేది ఆవిడ దగ్గరికే.

ఇక మీ విషయం. ఆధార్ కాపీ ఇవ్వడం ఇష్టం లేకపోతే ఇవ్వకండి, నేనైతే అడగను, ఆ కార్డు చూస్తే కుక్కకు ఒరిగేదేం లేదు. ఓనర్ దగ్గర ఉత్తరం అక్కర్లేదు, వాట్సాప్‌లో "సరే" అని ఒక్క మెసేజ్ పెట్టించండి చాలు. ఇంటికొస్తామంటే రానివ్వండి. వచ్చే రోజున మాత్రం వద్దంటున్న మీ నాన్ననో అత్తనో గుడికి పంపించెయ్యకండి, చాలామంది చేసేది అదే. ఇంట్లోనే ఉంచి మాట్లాడనివ్వండి. అన్నీ తేలాక, ఆడపిల్లైనా ఫర్వాలేదనుకుంటే నాకు మెసేజ్ పెట్టండి. నా దగ్గర ఇప్పుడు రెండున్నాయి, సూదులు పడ్డాయి.