పాఠకుల ప్రశ్నలు: పోకెమాన్ రెడ్ ఆటలో తొలి గంటలు

ఈ సంచికకు ఎంచుకున్న ఉత్తరాలన్నీ ఒకే ఆటకు సంబంధించినవి. 1996 ఫిబ్రవరి 27న జపాన్‌లో రెడ్, గ్రీన్ అనే రెండు కార్ట్రిడ్జులుగా వెలువడి, 1998 సెప్టెంబరులో రెడ్, బ్లూ పేర్లతో అమెరికాకు చేరిన పోకెమాన్ అది. నింటెండో వారి చేతిలో ఇమిడే గేమ్ బాయ్ యంత్రంపై ఆడే ఈ ఆటలో పోకెమాన్‌లనే వింత జీవులను బంతులు విసిరి పట్టి, పెంచి, పోరాడించాలి. టీవీలో పికాచూను చూస్తూ పెరిగినవారు ఇప్పుడు పెద్దవారై ఆ తొలి ఆటను వెతుక్కుని మరీ ఆడుతున్నారనడానికి ఈ ఉత్తరాలే సాక్ష్యం.

ప్రశ్న: అమెరికాలో ఉండే మా మేనమామ తన పాత గేమ్ బాయ్‌నూ, పోకెమాన్ రెడ్ కార్ట్రిడ్జునూ నాకు ఇచ్చారు. ఆట మొదట్లో తొలి పోకెమాన్‌ను ఇచ్చే ప్రొఫెసర్ ఓక్ ఎదుట మూడు బంతులు ఉంటే, టీవీలో చూసిన అభిమానంతో నిప్పు టైప్ పోకెమాన్ చార్‌మాండర్‌ను తీసుకున్నాను. ప్యూటర్ సిటీలో మొదటి జిమ్ (పోటీశాల) నాయకుడు బ్రాక్ చేతిలో ఇప్పటికి నాలుగుసార్లు ఓడిపోయాను. నా ఎంపిక తప్పా? ఆటను మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టాలా?
— డిగ్రీ విద్యార్థి, హనుమకొండ

జవాబు: మొదలుపెట్టనక్కర లేదు. మీ ఎంపిక కష్టమైనదే గాని తప్పు కాదు. బ్రాక్ దగ్గర ఉన్నవి రెండే పోకెమాన్‌లు: 12వ లెవెల్ జియోడ్యూడ్, 14వ లెవెల్ ఆనిక్స్. రెండూ రాయి, నేల అనే రెండు టైప్‌లు కలిసినవి. ఈ రెండు టైప్‌లకూ నీరన్నా, మొక్కలన్నా గిట్టదు కనుక మిగతా రెండు బంతుల్లోని స్క్విర్టల్ 8వ లెవెల్‌లో నేర్చుకునే బబుల్ అనే నీటి దాడి గాని, బల్బసార్ 13వ లెవెల్‌లో నేర్చుకునే వైన్ విప్ అనే మొక్కల దాడి గాని వాటిపై మామూలుకన్నా నాలుగు రెట్ల దెబ్బ తీస్తుంది. అందుకే ఆ ఇద్దరిలో ఒకరిని ఎంచుకున్నవారు బ్రాక్‌ను దాటింది కూడా గమనించరు. చార్‌మాండర్‌ను ఎంచుకున్నవారికి మాత్రం ఆట మొదటి జిమ్‌లోనే పరీక్ష పెడుతుంది.

మీరు ఏ దాడితో పోరాడారో ఉత్తరంలో రాయలేదు. నాలుగుసార్లు ఓడారంటే గోళ్లతో గీరే స్క్రాచ్ దాడినే నమ్ముకున్నారని నా ఊహ. చాలామంది చేసేది అదే. చూడడానికి అది సబబుగానే తోస్తుంది కూడా, ఎందుకంటే నిప్పు రాయిపై పనిచేయదని అందరికీ తెలుసు. కాని ఈ ఆట లెక్క మరోలా నడుస్తుంది. స్క్రాచ్ వంటి దాడిని ఎదుటి పోకెమాన్ డిఫెన్స్ అడ్డుకుంటుంది, నిప్పు, నీరు వంటి దాడులను స్పెషల్ అనే వేరొక గుణం అడ్డుకుంటుంది. ఆనిక్స్ జాతికి మూల డిఫెన్స్ 160, మూల స్పెషల్ 30 మాత్రమే. కనుక రాయి టైప్ వల్ల సగానికి తగ్గిపోయిన తరవాత కూడా చార్‌మాండర్ 9వ లెవెల్‌లో నేర్చుకునే ఎంబర్ అనే నిప్పు దాడి, స్క్రాచ్ కన్నా ఎన్నో రెట్లు గట్టిగా తగులుతుంది. తెర మీద ‘అంతగా పనిచేయలేదు’ అన్న అర్థంలో వచ్చే వాక్యాన్ని చూసి వెనుకంజ వేయకుండా ఎంబర్‌నే కొడుతూ ఉండండి. ఆనిక్స్ బైడ్ అనే దాడిని ఎత్తుకుంటే మాత్రం రెండు మూడు వంతుల పాటు తాను తిన్న దెబ్బలను కూడబెట్టుకుని రెట్టింపుగా తిరిగి ఇస్తుంది కాబట్టి, అది ఓపిక పడుతున్నంతసేపూ దెబ్బ తీయని గ్రౌల్ వాడుతూ కాలం గడపడం మేలు.

ఇంతకన్నా నిశ్చింతైన దారి ఒకటి ఉంది. విరిడియన్ అడవికి వెనక్కి వెళ్లి కేటర్పీ అనే ఆకుపచ్చ గొంగళిపురుగును పట్టండి. అది 7వ లెవెల్‌లో మెటాపాడ్‌గానూ, 10వ లెవెల్‌లో బటర్‌ఫ్రీ అనే సీతాకోకచిలుకగానూ మారి, 12వ లెవెల్‌లో కన్‌ఫ్యూజన్ అనే మనోశక్తి దాడిని నేర్చుకుంటుంది. కన్‌ఫ్యూజన్‌కు రాయి అడ్డు కాదు. స్పెషల్ తక్కువగా ఉన్న ఆనిక్స్ దాని ముందు నిలవదు. పైగా రెడ్, బ్లూ ఆటలలో బ్రాక్ పోకెమాన్‌లకు రాయి టైప్ దాడి ఒక్కటీ లేదు కనుక సీతాకోకచిలుకకు అక్కడ పెద్ద ప్రమాదం ఉండదు. రెండు జాగ్రత్తలు తీసుకోండి. రెడ్ ఆట అడవిలో వీడిల్‌లనే విషపు పురుగులు మెండు, కేటర్పీలు అరుదు. కాబట్టి కొంతసేపు గడ్డిలో ఓపికగా తిరగవలసి ఉంటుంది. అలాగని ఎదురుపడ్డ మెటాపాడ్‌ను పట్టి పని తేలిక చేసుకోవాలనుకోవద్దు. అడవిలో దొరికే మెటాపాడ్‌కు దెబ్బ తీయని హార్డెన్ తప్ప మరొకటి రాదు, కేటర్పీగా పట్టి పెంచుకున్నదానికైతే ఢీకొట్టే టాకిల్ కూడా మిగిలి ఉంటుంది.

మరొక మాట. ఈ ఆటకు తరవాత వచ్చిన యెల్లో, ఫైర్‌రెడ్ రూపాల సలహాలు ఎక్కడపడితే అక్కడ కలగాపులగంగా కనిపిస్తున్నాయి. చార్‌మాండర్ 13వ లెవెల్‌లో మెటల్ క్లా నేర్చుకుంటుందని ఎవరైనా చెబితే అది 2004 నాటి ఫైర్‌రెడ్ సంగతి. విరిడియన్ పక్కన మాంకీ దొరుకుతుందంటే అది యెల్లో సంగతి. మీ కార్ట్రిడ్జులో ఈ దశలో ఆ రెండూ దొరకవు.

ప్రశ్న: మా అబ్బాయికి పదేళ్లు. అన్ని పోరాటాలూ స్క్విర్టల్ ఒక్కదానితోనే చేస్తాడు. వాడి జట్టులో మిగిలినవన్నీ 3, 4 లెవెల్‌లలోనే ఉండిపోయాయి. అడవి పోకెమాన్‌ను పట్టబోతే ప్రతిసారీ అది ఒక్క దెబ్బకే పడిపోతోంది. బంతులకు డబ్బు చాలడం లేదని నన్ను అడుగుతున్నాడు. నాకు ఈ ఆట తెలియదు, వాడికి ఏమని చెప్పాలి?
— గృహిణి, రాజమహేంద్రవరం

జవాబు: అమ్మా, మీ అబ్బాయికి వచ్చిన ఇబ్బందులన్నీ ఒక్క మూలం నుంచి పుట్టినవే. ఒకే పోకెమాన్ అన్ని యుద్ధాలూ చేస్తే అనుభవమంతా దానికే చేరి దాని బలం పెరుగుతుంది. బలం పెరిగినకొద్దీ దాని దెబ్బకు అడవి జీవాలు పట్టుబడకుండా మూర్ఛపోతాయి. కొత్తవి పట్టుబడకపోతే మళ్లీ ఆ ఒక్కదానిమీదే ఆధారపడాలి. ఈ చక్రం నుంచి బయటపడే ఉపాయం ఆటలోనే ఉంది. పోరాటంలో కాలుపెట్టిన పోకెమాన్‌లన్నీ, చివర మూర్ఛపోకుండా నిలిచి ఉంటే చాలు, అనుభవాన్ని సమానంగా పంచుకుంటాయి. కనుక బలహీనమైనదాన్ని జట్టులో మొదటి స్థానంలో ఉంచి, పోరాటం మొదలవగానే దాన్ని వెనక్కి పిలిచి స్క్విర్టల్‌ను పంపమనండి. అది ఒక్క దెబ్బ కొట్టకపోయినా సగం అనుభవం దానికి దక్కుతుంది. చిన్నపిల్లవాడిని బడికి తీసుకువెళ్లి కూర్చోబెట్టి అలవాటు చేసినట్టే ఇదీ.

పట్టడం విషయానికొస్తే, ఆ చిన్నవాటిని పెంచుకోవడంలో లాభం ఇక్కడే కనబడుతుంది. అడవి పోకెమాన్ ప్రాణరేఖ సన్నబడేదాకా చిన్నదానితో మెల్లగా కొట్టించి అప్పుడు బంతి విసరాలి. అది నిద్రలో ఉంటే పట్టుబడే అవకాశం మరీ పెరుగుతుంది. బటర్‌ఫ్రీ, ఆడిష్ వంటివి నిద్రపుచ్చే పొడి చల్లడం నేర్చుకుంటాయి. దీనికి భిన్నంగా, సెరూలియన్ నగరానికి ఉత్తరాన ఉన్న గడ్డిలో కనబడే ఆబ్రాను మాత్రం కొట్టబోకూడదు. దానికి తెలిసిందల్లా మాయమైపోవడమే కనుక కనబడిన మరుక్షణం బంతి విసరాలి. 16వ లెవెల్ చేరేదాకా ఓపికపట్టి పెంచితే అది కడాబ్రాగా మారి, ఆట సగం దూరం వరకు ఎదురులేని తోడవుతుంది.

డబ్బు గురించి. ఆట మొదట చేతిలో 3000 ఉంటుంది, బంతి ఖరీదు 200. అడవి పోకెమాన్‌లను ఓడిస్తే డబ్బు రాదు, దారిలో నిలబడిన శిక్షకులను ఓడిస్తేనే వస్తుంది. జట్టంతా మూర్ఛపోతే చేతిలోని డబ్బులో సగం పోతుంది కాబట్టి, ఓటమి ఖాయమనిపించే పోరాటానికి ముందే పోకెమాన్ సెంటర్‌కు వెళ్లడం అలవాటు చేసుకోవాలి. అక్కడి వైద్యం ఎప్పుడూ ఉచితమే. విరిడియన్ అడవిలోకి వెళ్లేముందు మాత్రం 100 పెట్టి విషానికి విరుగుడైన ఒక ఆంటీడోట్ కొనమనండి, ఎందుకంటే వీడిల్ విషం పోరాటం ముగిసిన తరవాత కూడా నడిచేకొద్దీ ప్రాణాన్ని హరిస్తూనే ఉంటుంది. సెరూలియన్ పైనున్న వంతెన మీద వరసగా నిలబడిన వారందరినీ గెలిస్తే చివర ఒక బంగారు ముద్ద ఇస్తారు. అది అంగట్లో 5000కు అమ్ముడవుతుంది, అక్కడితో మీ అబ్బాయి బంతుల కొరత తీరుతుంది.

ఆట మాటలన్నీ ఇంగ్లీషులోనే ఉంటాయి గనుక ఊళ్లలో కనబడే మనుషులతో మాట్లాడించి, వారు చెప్పినది మీ పక్కన కూర్చుని చదవమనండి. దారి చూపేవి ఆ మాటలే. వాటిని చదవకుండా దాటేసినందువల్ల దారి తప్పినవారు పెద్దవారిలో కూడా చాలామంది ఉన్నారు.

ప్రశ్న: పాత వస్తువులు అమ్మేచోట రెడ్ కార్ట్రిడ్జు కొన్నాను. ఆట బాగానే నడుస్తోంది గాని, సేవ్ చేసి ఆపితే మరుసటి రోజుకు ఏమీ మిగలడం లేదు.
— పాఠకుడు, ఖమ్మం

జవాబు: కార్ట్రిడ్జు లోపల ఒక చిన్న గుండ్రని బ్యాటరీ ఉంటుంది. మీరు సేవ్ చేసినది దాని ఆధారంతోనే నిలుస్తుంది. పాతికేళ్లు దాటిన కార్ట్రిడ్జులలో అది అయిపోవడం సహజం. బ్యాటరీ బోర్డుకు అతికించి ఉంటుంది కాబట్టి సోల్డరింగ్ తెలిసిన ఎలక్ట్రానిక్స్ మరమ్మతుదారు చేత మార్పించండి. ఎవరైనా పాత కార్ట్రిడ్జు కొంటే, కొత్తగా ఆడడం మొదలుపెట్టక ముందే ఒకసారి సేవ్ చేసి, ఒక రాత్రంతా ఆపి ఉంచి, మర్నాడు చూసుకోవాలని నా సలహా. ఇరవై గంటల శ్రమ ఒక్క పూటలో పోవడం ఎంత బాధో నాకు తెలుసు. ఈ ఆటలో సేవ్ ఒక్కటే ఉంటుందనీ, కొత్త ఆట మొదలుపెట్టి సేవ్ చేస్తే పాతది పోతుందనీ ఇంట్లో పిల్లలకు కూడా చెప్పి ఉంచండి.

ప్రశ్న: ఎస్.ఎస్. ఆన్ ఓడ దగ్గర నిలిపిన లారీ కింద మ్యూ అనే అరుదైన పోకెమాన్ దొరుకుతుందట, నిజమేనా?
— ఇంటర్ విద్యార్థి, హైదరాబాద్

జవాబు: నిజం కాదు. లారీ ఉంది, దాని కింద ఏమీ లేదు. మ్యూను ఆట తయారీ చివరి దశలో ప్రోగ్రామర్ షిగేకి మోరిమోతో, కార్ట్రిడ్జులో మిగిలిన కాస్త చోటులో చేర్చారు. మామూలు దారిలో అది దొరకదు, నింటెండో స్వయంగా పంచినప్పుడే పొందగలిగేవారు.

ప్రశ్న: నా దగ్గర రెడ్, డాలస్‌లో ఉండే మా అన్నయ్య దగ్గర బ్లూ ఉన్నాయి. నా ఆటలో వల్పిక్స్ అనే పోకెమాన్ ఎంత వెతికినా కనబడలేదు. నా హాంటర్ 40వ లెవెల్ దాటినా గెంగార్‌గా మారడం లేదు. ఏదైనా పొరపాటు చేస్తున్నానా?
— పాఠకురాలు, గుంటూరు

జవాబు: మీ పొరపాటు ఏమీ లేదు, ఆటను అలాగే కట్టారు. వల్పిక్స్, శాండ్‌ష్రూ, బెల్‌స్ప్రౌట్, మియావ్ బ్లూలోనే దొరుకుతాయి. గ్రోలిత్, ఎకాన్స్, ఆడిష్, మాంకీ రెడ్‌లోనే దొరుకుతాయి. హాంటర్, కడాబ్రా, మచోక్, గ్రావెలర్ అనే నాలుగూ ఎంత పెంచినా మారవు, ఒకరి ఆట నుంచి మరొకరి ఆటకు చేతులు మారినప్పుడే మారతాయి.

దీని వెనుక ఉన్నది ఈ ఆటను ఊహించిన సతోషి తజిరి చిన్ననాటి ముచ్చట. టోక్యో శివారులోని మచిదాలో పెరిగిన ఆయనకు పురుగులను పట్టి పెంచడమంటే ప్రాణం. ఊరు పెరిగి పొలాలూ చెరువులూ మాయమయ్యాక, ఆ ఆనందం తరవాతి పిల్లలకు లేకుండా పోయిందని ఆయన బాధపడ్డారు. రెండు గేమ్ బాయ్‌లను కలిపే తీగను చూసినప్పుడు, దాని వెంట ఒక పురుగు ఇటునుంచి అటు పాకుతున్నట్టు ఊహించుకున్నారట. తొలకరికి గట్ల మీద కనబడిన ఆరుద్ర పురుగులను అగ్గిపెట్టెలో దాచుకుని, మర్నాడు బడిలో స్నేహితుడి పెట్టెలోని వాటితో మార్చుకున్న మన పిల్లలకు ఆ ఊహ అర్థం చేసుకోవడం కష్టమేమీ కాదు. ఆటను పూర్తి చేయాలంటే రెండోవాడు ఉండి తీరాలన్న ఈ నియమమే నా దృష్టిలో దానిలోని అన్నిటికన్నా గొప్ప ఆలోచన, అందుకే కొత్తగా మొదలుపెట్టేవారికి తోడుగా మరొకరిని కూర్చుకోమని చెబుతుంటాను.

మీ అన్నయ్య వచ్చినప్పుడు లింక్ కేబుల్ తెమ్మనండి. మొదటి తరం గేమ్ బాయ్‌కు పెద్ద ప్లగ్, పాకెట్, కలర్ రకాలకు చిన్న ప్లగ్ ఉంటాయి కాబట్టి ఇద్దరి యంత్రాలూ ఏవో ముందుగా చెప్పుకుని కేబుల్ కొనండి. ఇద్దరూ ఏదైనా పోకెమాన్ సెంటర్‌కు వెళ్లి, కుడివైపు బల్ల వెనుక ఉన్న ఆమెతో మాట్లాడితే మార్పిడి గది తెరుచుకుంటుంది. మీ హాంటర్‌ను ఆయనకు పంపితే అక్కడ గెంగార్‌గా మారుతుంది, మళ్లీ మీకు పంపితే గెంగార్‌గానే తిరిగి వస్తుంది. మీరు పట్టినదే గనుక మీ మాట వింటుంది. ఆయన దగ్గర నుంచి తెచ్చుకున్న వల్పిక్స్ మాత్రం అలా కాదు. పరాయి పోకెమాన్‌కు అనుభవం ఒకటిన్నర రెట్లు దక్కుతుంది, కాని జిమ్ నాయకులను గెలిచి పొందే తగిన బ్యాడ్జి మీ దగ్గర లేకుండా దాని లెవెల్ పెరిగితే మాట వినడం మానేస్తుంది. రెండో జిమ్ నాయకురాలు మిస్టీ దగ్గర గెలిచిన క్యాస్కేడ్ బ్యాడ్జితో 30వ లెవెల్ వరకే అదుపులో ఉంటుంది. కాబట్టి వల్పిక్స్‌ను చిన్న లెవెల్‌లో ఉన్నప్పుడే పంపమని మీ అన్నయ్యకు ఇప్పుడే చెప్పి ఉంచండి.