టీవీ పద్ధతులు దేశానికొకటి... మా అమ్మాయి ఏది నేర్చుకోవాలి?

ప్రశ్న: మాది నెల్లూరు. కేబుల్ టీవీ నెట్‌వర్క్ నడుపుతున్నాను. మా అమ్మాయి చెన్నైలో బీటెక్ ఈసీఈ మూడో సంవత్సరం. ప్రాజెక్టు కోసం ఆన్‌లైన్‌లో ఒక చవక యూఎస్‌బీ టీవీ డాంగిల్ కొంది. దాని మీద డీవీబీ-టీ అని ఉంది, కానీ దూరదర్శన్ రాలేదు. ఎందుకు రాలేదని వెతకడం మొదలుపెట్టి, అమెరికాలో ఒక పద్ధతి, జపాన్‌లో ఇంకో పద్ధతి అంటూ ఇప్పుడు అదే ధ్యాసలో ఉంది. ఉద్యోగం కూడా ఇందులోనే చేస్తానంటోంది. న్యూజెర్సీలో ఉండే మా తమ్ముడు మాత్రం సాఫ్ట్‌వేర్‌కి మారిపొమ్మంటున్నాడు. దేశానికో పద్ధతి ఉంటే, ఒకచోట నేర్చుకున్నది ఇంకోచోట పనికొస్తుందా? ఇంట్లో అందరికీ టెన్షన్‌గా ఉంది. (ఒక తండ్రి)

జవాబు: ముందు డాంగిల్ సంగతి తేల్చేద్దామండీ. అది పాడైనది కాదు. చెన్నై, బెంగళూరు సహా 16 నగరాల్లో 2016లో దూరదర్శన్ మొదలుపెట్టిన డిజిటల్ ప్రసారాలు డీవీబీ-టీ2 పద్ధతివి. పేరులో తేడా ఒక్క అంకే అయినా, మొదటి తరం రిసీవర్‌కి రెండో తరం సిగ్నల్ అంతుపట్టదు. అలాంటి చవక డాంగిల్స్‌లో తరచూ ఉండేది ఆర్‌టీఎల్2832యూ అనే చిప్. అందులోంచి ముడి సిగ్నల్‌ని నేరుగా కంప్యూటర్‌లోకి లాగొచ్చని 2012లో జనానికి తెలిసిపోయింది. అప్పటి నుంచి ఎందరో విద్యార్థులకు అదే సొంత రేడియో ల్యాబ్. కాబట్టి పారేయొద్దని చెప్పండి.

ఇక మీ అసలు ప్రశ్న. దేశాలు తలో దారి పట్టడం వెనక పేటెంట్లు, వ్యాపారం లెక్కలు లేకపోలేదు. కానీ ముఖ్యంగా ఎవరి అవసరం వాళ్లది. అమెరికా వాళ్లు ఒక పెద్ద టవర్ నుంచి వీలైనంత దూరం వరకు, ఇంటి పైకప్పు మీది యాంటెన్నాకి సిగ్నల్ చేరితే చాలనుకున్నారు. అందుకే ఏటీఎస్‌సీ అనే తమ ప్రమాణంలో 8-వీఎస్‌బీ అనే పద్ధతి ఎంచుకున్నారు. సిగ్నల్‌ని మోసే తరంగం (క్యారియర్) ఒక్కటే, 6 మెగాహెర్ట్జ్ చానల్, సెకనుకు 19.39 మెగాబిట్లు. దాని బలహీనత ప్రతిధ్వనులు. పక్క బిల్డింగులకు తగిలి తిరిగొచ్చే సిగ్నల్, ఇంట్లో పెట్టిన చిన్న యాంటెన్నాని తికమక పెట్టేసేది. యూరప్ పద్ధతిని కూడా అనుమతించమని సింక్లెయిర్ అనే ప్రసార సంస్థ 1999లో అక్కడి ప్రసారాల నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీని అడిగింది. ఎఫ్‌సీసీ ఒప్పుకోలేదు.

యూరప్ వాళ్ల డీవీబీ-టీ నడిచేది ఓఎఫ్‌డీఎం అనే పద్ధతి మీద. డేటాను వేల సన్నటి క్యారియర్ల మీద పంచి, ఒక్కో సింబల్‌కి (ఒక విడతలో పంపే డేటా ముక్కకి) ముందు కాస్త రక్షణ వ్యవధి ఉంచుతారు. ప్రతిధ్వని ఆ వ్యవధిలోనే వచ్చి పోతుంది. పక్కపక్క ఊళ్ల టవర్లు అదే కార్యక్రమాన్ని ఒకే సమయానికి పంపితే, ఒకే ఫ్రీక్వెన్సీ మీద నడిచినా గొడవ ఉండదు. జపాన్ 2003 డిసెంబరులో మొదలుపెట్టిన ఐఎస్‌డీబీ-టీ కూడా ఓఎఫ్‌డీఎమ్మే. కాకపోతే వాళ్లు చానల్‌ని 13 ముక్కలు చేసి, మధ్య ముక్కను మొబైల్ ఫోన్లకు వదిలారు. రైల్లో వెళ్తూ ఫోన్లో టీవీ చూడటానికి, భూకంపం హెచ్చరికలు అందుకోవడానికి ఆ ముక్క పనికొచ్చింది. చైనాది డీటీఎంబీ, అది వేరే దారి. పాకిస్తాన్, క్యూబా కూడా దాన్నే ఎంచుకున్నాయి.

మీ అమ్మాయి ఆసక్తిగా చదవాల్సిన దేశం మాత్రం బ్రెజిల్. 2006లో జపాన్ పద్ధతిని తీసుకుంది, కానీ ఉన్నదున్నట్టు కాదు. వీడియో కుదింపుకి ఎంపెగ్-2 బదులు హెచ్.264 పెట్టుకుంది. టీవీలో యాప్‌లు నడిపేందుకు జింగా అనే సొంత సాఫ్ట్‌వేర్ చేర్చింది. తర్వాతి తరానికి వచ్చేసరికి అదే బ్రెజిల్ అమెరికా వైపు తిరిగి, అక్కడి కొత్త తరం పద్ధతి ఏటీఎస్‌సీ 3.0 సాంకేతికతను ఎంచుకుంది. ఇంకో విశేషం, ఆ ఏటీఎస్‌సీ 3.0లో 8-వీఎస్‌బీ లేదు. అమెరికా కూడా చివరికి ఓఎఫ్‌డీఎమ్‌కే వచ్చింది. ప్రమాణం పేరు బట్టీపట్టినవాళ్లు ఇక్కడ మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాలి. ఓఎఫ్‌డీఎమ్, తప్పులు సరిదిద్దే ఎల్‌డీపీసీ కోడ్ బాగా వచ్చినవాళ్లకు మిగిలేది డాక్యుమెంట్ చదువుకోవడమే. డీవీబీ-టీ2లో, మన డీటీహెచ్‌లు వాడే డీవీబీ-ఎస్2లో, 5జీ డేటాలో కూడా ఉన్నది ఎల్‌డీపీసీయే.

ఇంకాస్త లోపలికి వెళ్తే తేడాలు మరీ తగ్గిపోతాయి. డిజిటల్ టీవీ సిగ్నల్‌ని రికార్డు చేసిన ఏదైనా .టీఎస్ ఫైలుని, బైట్లను అంకెలుగా చూపే హెక్స్ ఎడిటర్‌లో తెరిచి చూడమనండి. ప్రతి 188 బైట్లకు ఒకసారి 47 అనే అంకె కనిపిస్తుంది. అదే ప్యాకెట్ మొదలు. డీవీబీ, ఐఎస్‌డీబీ, పాత ఏటీఎస్‌సీ మూడింటిలోనూ ఈ ప్యాకెట్లే. మోసే బండి వేరు, లోపలి సరుకు కట్టే తీరు ఒకటే. చానల్ పేరు ఎక్కడుందన్న చిన్న విషయంలో మాత్రం మళ్లీ ఎవరి గూడు వాళ్లదే. డీవీబీలో 17వ నంబరు పీఐడీ (ప్యాకెట్ మీద ఉండే గుర్తింపు సంఖ్య) ఉన్న ప్యాకెట్లలో వెతకాలి, అమెరికా పద్ధతిలో 8187లో. ఏటీఎస్‌సీ 3.0లో ఈ ప్యాకెట్లు పోయి ఇంటర్నెట్ ప్యాకెట్లు వచ్చాయి. అందుకే నెట్‌వర్కింగ్ కూడా చదవక తప్పదు.

ఉద్యోగాలు సరిగ్గా ఈ చిన్న తేడాల దగ్గరే ఉన్నాయి. ఒక కంపెనీ అదే టీవీ మోడల్‌ని పదుల దేశాల్లో అమ్ముతుంది. ఒక్కో దేశంలో ట్యూనర్, చానల్ పట్టిక, సబ్‌టైటిల్స్, ఆడియో వేరుగా ఉంటాయి. అక్కడి సిగ్నల్‌ని రికార్డు చేసి తెచ్చి ల్యాబ్‌లో ఆడించి, ఎక్కడ తేడా కొడుతోందో పట్టుకునే ఇంజినీర్లు కావాలి. శాంసంగ్, ఎల్‌జీ, సోనీలకు బెంగళూరులో సాఫ్ట్‌వేర్ కేంద్రాలున్నాయి. సెట్‌టాప్ బాక్స్ సాఫ్ట్‌వేర్, టీవీ చిప్‌ల ఫర్మ్‌వేర్, సిగ్నల్ కొలిచే పరికరాల కంపెనీలు, ఓటీటీల వీడియో విభాగాలు కూడా ఈ కోవలోకే వస్తాయి. మన దేశంలో నెట్ డేటా లేకుండా ఫోన్‌కి నేరుగా టీవీ పంపే డీ2ఎం ప్రయోగాల్లో ఐఐటీ కాన్పూర్, ప్రసార భారతి, బెంగళూరుకి చెందిన సాంఖ్య ల్యాబ్స్ పనిచేశాయి. దానికి ఆధారం ఏటీఎస్‌సీ 3.0. అది దేశమంతా వచ్చేస్తుందని ఆశపెట్టుకుని కెరీర్ ప్లాన్ చేసుకోమని మాత్రం నేను చెప్పను.

దూరదర్శన్‌లో ఇంజినీర్ ఉద్యోగం మీ మనసులో ఉంటే, అక్కడ ఇప్పుడు ఎక్కువగా కాంట్రాక్టు అవకాశాలే. అనలాగ్ ట్రాన్స్‌మిటర్లను దాదాపు అన్నీ మూసేశారు. బ్రాడ్‌కాస్టింగ్ పేరుతో లక్షల ఫీజు అడిగే ప్రైవేటు డిప్లొమాల జోలికి వెళ్లొద్దు. డీవీబీ-టీ2 పూర్తి డాక్యుమెంట్ యూరప్ ప్రమాణాల సంస్థ ఎట్సీ వెబ్‌సైట్‌లో, ఏటీఎస్‌సీవి వాళ్ల సైట్‌లో ఉచితంగానే దొరుకుతాయి.

మీ తమ్ముడి మాటలో సగం నిజముంది. ఈ రంగంలో సగం పైగా పని ప్రోగ్రామింగే. సీ భాష గట్టిగా రావాలి, పైథాన్ తోడుంటే మంచిది. మొదటి పనిగా .టీఎస్ ఫైలు చదివి అందులోని చానల్ పేర్లు రాబట్టే ప్రోగ్రామ్ సీలో తనే రాయాలి. తర్వాత టీఎస్‌డక్ అనే ఉచిత టూల్ ఇచ్చే ఫలితంతో పోల్చి చూసుకోవాలి. ఫైనలియర్ ప్రాజెక్టుకి గ్నూ రేడియో అనే ఉచిత సాఫ్ట్‌వేర్ సరిపోతుంది. ఏటీఎస్‌సీకీ డీవీబీ-టీకీ కావాల్సిన బ్లాకులు అందులో ఉన్నాయి. రెండింటికీ ఒకే ప్రతిధ్వని, ఒకే నాయిస్ కలిపి ఏది ముందు చతికిలపడుతుందో చూపిస్తే, ఇంటర్వ్యూలో అరగంట మాట్లాడే సరుకు దొరుకుతుంది. డాంగిల్‌ని ఎఫ్‌ఎం పట్టుకోవడానికి, స్పెక్ట్రమ్ చూడటానికి వాడుకోవాలి. టీవీ చానల్ మొత్తాన్ని ఒకేసారి లాగేంత వెడల్పు దానికి లేదు.

మీ దగ్గరున్న ల్యాబ్ విలువ మీరే గుర్తించినట్టు లేదు. సెలవులకి ఇంటికి వచ్చినప్పుడు మీ సిగ్నల్ మీటరు అమ్మాయి చేతికివ్వండి. మీ లైన్లలో సాధారణంగా నడిచేది కేబుల్ కోసం చేసిన డీవీబీ-సీ, అందులో 64-క్వామ్ సిగ్నల్. సిగ్నల్ ఎంత శుభ్రంగా ఉందో చెప్పే ఎంఈఆర్ 30 డీబీ పైన ఉన్న ఇంట్లో బొమ్మ నిలకడగా ఉంటుంది. చివరి ఇంటికి వెళ్లేసరికి 24 కిందికి జారితే గళ్లు గళ్లుగా పగిలి, ఒక్కసారిగా పోతుంది. ఆ అంకె ఎందుకు జారిందో, కనెక్టరా, ఆంప్లిఫయరా అన్నది మీ లైన్‌మ్యాన్‌తో పాటు తిరిగి చూస్తే, కాలేజీలో కాన్‌స్టెలేషన్ బొమ్మ గీసేటప్పుడు అర్థం కానిది అక్కడ అర్థమవుతుంది.

క్యాంపస్‌లో మామూలు సాఫ్ట్‌వేర్ ఆఫర్ వస్తే వదులుకోవద్దు. ఆఫర్ చేతిలో పెట్టుకునే ఎంబెడెడ్, మల్టీమీడియా పోస్టులకు బయట ప్రయత్నించవచ్చు. ఎంఎస్‌కి వెళ్లాలనుకుంటే బ్రాడ్‌కాస్టింగ్ అన్న పేరు కోసం వెతక్కుండా వైర్‌లెస్ కమ్యూనికేషన్స్, సిగ్నల్ ప్రాసెసింగ్ బాగా చెప్పే చోటు చూసుకోండి. టీవీ పని దొరక్కపోయినా 5జీ కంపెనీలు అదే చదువుకి తలుపు తీస్తాయి.