2147483647 ప్రధాన సంఖ్యేనా? కంప్యూటర్ లేకుండా ఎలా తేల్చారు?

అవును, ప్రధానమే. 31 రెండ్లను గుణించి 1 తీసేస్తే వచ్చే సంఖ్య ఇది; ఇలా రెండ్ల గుణకారంలోంచి 1 తీసేస్తే వచ్చే ప్రధాన సంఖ్యల్ని మెర్సెన్ ప్రధానాలు అంటారు. 1772లో గణిత శాస్త్రవేత్త ఆయిలర్ చేత్తోనే లెక్క తేల్చాడు.

మామూలుగా అయితే దీని వర్గమూలం దాకా, అంటే 46340 లోపున్న ప్రధాన సంఖ్యలన్నిటితో భాగించి చూడాలి. అవి 4,700కు పైనే. అసలు కిటుకు ఏంటంటే, దీనికి ప్రధాన కారణాంకం ఉంటే దాన్ని 248తో భాగించినప్పుడు శేషం 1 గానీ 63 గానీ రావాలి. ఆ జల్లెడలో నిలిచేవి 84 మాత్రమే! మొదటిది 311. దానితో భాగిస్తే 35 మిగులుతుంది. మిగతా 83తోనూ ఇంతే, నిశ్శేషంగా పోదు.

ప్రోగ్రామర్లకు ఇది పాత పరిచయమే: 32 బిట్లలో (0 లేదా 1 పట్టే 32 గళ్లలో) ధన, రుణ సంఖ్యలు రెండూ పట్టాలంటే గరిష్ఠం ఇదే. 2038 జనవరి 19 టెన్షన్ కూడా దీనివల్లే: 1970 నుంచి గడిచిన సెకన్లను ఇలా 32 బిట్లలో లెక్కపెట్టే పాత కంప్యూటర్ వ్యవస్థల్లో ఆ లెక్క ఆ రోజు ఈ గరిష్ఠాన్ని దాటి, తేదీ తప్పిపోతుంది.