ఈ క్రిస్మస్‌కి ఆ నల్లటి పుడ్డింగ్ వద్దంటే అత్తగారు నొచ్చుకుంటారా?

ప్రశ్న: మాది గుంటూరు. పుట్టుకతోనే క్రైస్తవులం. ఇంగ్లండ్‌లోని రెడింగ్‌లో ఉద్యోగం చేస్తూ ఆరేళ్ల క్రితం ఇక్కడి అబ్బాయినే పెళ్లి చేసుకున్నాను. ప్రతి క్రిస్మస్‌కీ అత్తగారింట్లోనే భోజనం. చివర్లో ఆవిడ చేసిన క్రిస్మస్ పుడ్డింగ్. నల్లగా, బరువుగా, బ్రాందీ వాసనతో ఉండే ఆ ముక్క నాకు గొంతు దిగదు. మామగారు పోయాక రెండేళ్లుగా దానిమీద బ్రాందీ పోసి వెలిగించే పని మా ఆయన చేస్తున్నారు. నిరుడు సగం ముక్క చాలంటే, "అలవాటవుతుందిలే" అన్నారు అత్తగారు. మిగతావాళ్లూ మొక్కుబడిగా రెండు స్పూన్లు తిని వదిలేశారు. ఈసారి భోజనం మా ఇంట్లో. పుడ్డింగ్ బదులు ట్రైఫిల్ చేసి, మా అమ్మ చేసే గులాబీ పూలు కూడా పెట్టాలని ఉంది. మొన్న ఫోన్‌లో ఆవిడే "ఈసారి పుడ్డింగ్ సంగతేం చేద్దాం?" అన్నారు. టెన్షన్ వచ్చి మాట మార్చేశాను. మా ఆయనేమో "మీరిద్దరూ చూసుకోండి" అంటున్నారు. ఆవిణ్ని నొప్పించకుండా ఎలా చెప్పాలి?
– ఒక సోదరి

జవాబు: ముందు ఆ ఫోన్ సంగతి చూద్దాం. ఇంగ్లండ్‌లో పుడ్డింగ్ అంటే ఆవిరిమీద ఉడికించిన ఆ నల్లటి ఉండే కానక్కర్లేదు. భోజనం చివర పెట్టే తీపి ఏదైనా వాళ్లకి పుడ్డింగే. ఐస్‌క్రీమ్ పెట్టే రోజైనా "పుడ్డింగ్‌కి ఏమిటి?" అనే అడుగుతారు. ఆరేళ్లుగా అక్కడున్న మీకు ఇది తెలియని విషయం కాదు. కానీ భయపడుతున్న చెవికి ఒక్క అర్థమే వినిపిస్తుంది. తన పుడ్డింగ్ తానే తెస్తానని చెప్పబోయారో, "తీపి ఏం చేస్తున్నావమ్మా" అని మామూలుగా అడిగారో మీకు తెలియదు. ఆవిడ అడిగిన మాటకి మీరింకా జవాబు చెప్పలేదు, అంతే. అక్కణ్నుంచే మొదలుపెట్టండి.

మాట్లాడటానికి వారం, వర్జ్యం చూడక్కర్లేదు గానీ తేదీ మాత్రం చూసుకోవాలి. క్రిస్మస్‌కి ముందు నాలుగు ఆదివారాలతో సాగే సన్నాహ కాలం అడ్వెంట్. అది మొదలయ్యే ముందు వచ్చే ఆదివారాన్ని అక్కడ స్టిర్-అప్ సండే అంటారు. ఏటా నవంబరు 20కీ 26కీ మధ్య పడుతుంది. ఆంగ్లికన్ ప్రార్థన పుస్తకంలో ఆ రోజుకి ఇచ్చిన ప్రార్థన "స్టిర్ అప్" అనే మాటలతో మొదలవుతుంది. విశ్వాసుల మనసుల్ని కదిలించు ప్రభువా అని దాని భావం. జనం మాత్రం దాన్ని గిన్నెలో గరిట తిప్పమన్న కబురుగా తీసుకున్నారు! ఎండుద్రాక్ష, రొట్టెపొడి, కొవ్వు, నల్లబెల్లంలాంటి చక్కెర, గుడ్లు, జాజికాయ, దాల్చినచెక్క, బ్రాందీ అన్నీ కలిపి, ఇంట్లో తలా ఒకసారి గరిట తిప్పి, మనసులో ఒక కోరిక కోరుకుంటారు. తర్వాత గంటల తరబడి ఆవిరిమీద ఉడికించి, కాగితం చుట్టి అలమారలో పెడతారు. నెల రోజులు మాగాలి. పండగనాడు మళ్లీ ఉడికించాలి. పాత పద్ధతిలో చేసే ఇల్లాలికి క్రిస్మస్ నవంబరులోనే మొదలైపోతుందన్నమాట. మీరు డిసెంబరు 20న "ఈసారి వద్దండీ" అంటే, అరిసెలు వండి డబ్బాకెత్తాక "మేం తినం" అన్నట్టే. కాబట్టి ఆ ఆదివారం లోపే మాట్లాడండి.

మీ ఉత్తరంలో మామగారి గురించి ఒకే ఒక్క వాక్యం ఉంది. నేను అక్కడే ఆగాను. ఆ నిమిషాన్ని ఒకసారి గుర్తుచేసుకోండి. లైట్లన్నీ ఆర్పేస్తారు. గరిటెలో వేడిచేసిన బ్రాందీకి అగ్గిపుల్ల చూపించి పుడ్డింగ్ మీద పోస్తారు. నీలి మంట పైనుంచి కిందకి జారి, పళ్లెం అంచు దాకా పాకి ఆరిపోతుంది. మొత్తం అరనిమిషం ఉంటుందేమో. ఆ అరనిమిషం గరిట ఎన్నో ఏళ్లు ఆయన చేతిలో ఉండేది, ఇప్పుడు కొడుకు చేతిలో ఉంది. ఆవిడకి ఆ పుడ్డింగ్ రుచి ఎంత ఇష్టమో నాకు తెలియదు. కానీ ఆ వెలుగులో కొడుకు ముఖం చూడటం మాత్రం ఆవిడ వదులుకోదనిపిస్తోంది. మీకు కష్టంగా ఉన్నది తినడం. ఆవిడకి కావలసింది వెలిగించడం. ఈ రెంటికీ గొడవేముంది?

నా అనుభవం ఒకటి చెబుతాను. మా అత్తగారు అరిసెల పాకం పట్టారంటే వీధి చివరిదాకా వాసన వచ్చేది. నీళ్ల గిన్నెలో ఒక చుక్క వేసి, వేళ్లతో ఉండ చేసి చూసి, "ఇక దింపు" అనేవారు. ఒక సంక్రాంతికి నాకు ఆఫీసు పని ఎక్కువై అరిసెలు కొట్లో కొనుక్కొచ్చాను. తిన్నారు, బాగున్నాయన్నారు. పండగ మూడు రోజులూ మరి మాట్లాడలేదు. వయసు వల్ల అలసిపోయారనుకున్నాను. "పాకం వచ్చిందా అత్తయ్యా" అని ఆ ఏడు ఎవరూ ఆవిణ్ని అడగలేదని నాకు తర్వాతెప్పుడో తట్టింది.

ఇక మీ ఆయన. "మీరిద్దరూ చూసుకోండి" అన్న మాట పెద్దమనిషి తరహాగా కనిపిస్తుంది గానీ, పని ఎగ్గొట్టడమే. నిరుడు రెండు స్పూన్లు తిని పక్కన పెట్టినవాళ్లలో ఆయన ఉన్నారో లేదో మీరు రాయలేదు. ఉంటే ముందు నోరు తెరవాల్సింది ఆయనే. "నా భార్యకి నచ్చదు" అని కాదు, "అమ్మా, నేనూ పూర్తిగా తినడం లేదు" అని. తల్లికి ఆ మాట కొడుకు చెబితే ఇంటి ముచ్చట, కోడలు చెబితే ఫిర్యాదు. గుంటూరులోనైనా రెడింగ్‌లోనైనా ఇంతే.

తర్వాత మీరు మాట్లాడండి. వీలైతే ఎదురుగా, టీ తాగుతున్నప్పుడు. ఇలా ఏదో అనవచ్చు: "మీరు పుడ్డింగ్ గురించి అడిగితే మొన్న సరిగా చెప్పలేకపోయాను. దాని రుచి నాకు ఆరేళ్లలో పట్టుబడలేదండీ. కానీ దాన్ని వెలిగించకపోతే నాకిప్పుడు పండగలా ఉండదు. చిన్నది ఒకటి చేసి తెస్తారా? పక్కన నేను ట్రైఫిల్ చేస్తాను." ఇందులో మూడో వాక్యం నిజమైతేనే అనండి. ఆరేళ్లు మిమ్మల్ని చూసిన మనిషికి అబద్ధం ఇట్టే తెలిసిపోతుంది. ముగ్గురు నలుగురికి సరిపడే చిన్న గిన్నెలో కూడా ఆ పుడ్డింగ్ చేసుకోవచ్చు, మంట అంతే అందంగా వస్తుంది. ఒకవేళ ఆవిడే "హమ్మయ్య, నాకూ దాని మీద మోజు పోయి చాలా కాలమైంది" అంటే మాత్రం నవ్వేయకండి. ఒకరి కోసం ఒకరు చేస్తూ, ఒకరి కోసం ఒకరు తింటూ ఏళ్లు గడిచిపోయిన వంటలు మనిళ్లలోనూ ఉన్నాయి.

ట్రైఫిల్ మంచి ఎంపిక. గాజు గిన్నెలో కేకు ముక్కలు, పళ్లు, కస్టర్డ్, పైన క్రీమ్. ఇదీ అచ్చంగా వాళ్ల వంటే కాబట్టి బయటిది తెచ్చి పెట్టారన్న మాట రాదు. 2022లో రాణి ఎలిజబెత్ ప్లాటినం జూబిలీకి దేశమంతటా పుడ్డింగ్ పోటీ పెడితే గెలిచింది కూడా నిమ్మకాయ రుచి ఉన్న ఒక ట్రైఫిలే. పైగా పండగనాడు ఓవెన్ టర్కీకే సరిపోదు, పొయ్యి మీద కూరగాయలు, గ్రేవీ ఉంటాయి. ట్రైఫిల్ 24 రాత్రే చేసి ఫ్రిజ్‌లో పెట్టేయొచ్చు. అంత బరువైన భోజనం మీద చల్లగా, కాస్త పుల్లగా రాస్ప్‌బెర్రీలు తగిలితే ప్రాణం లేచొస్తుంది. పిల్లలుంటే కేకు ముక్కల మీద పోసే షెర్రీ వైన్ మానేయండి. మొద్దు ఆకారంలో చేసే చాక్లెట్ కేకు, యూల్ లాగ్, చూడముచ్చటగా ఉంటుంది గానీ, పొట్టలో చోటు లేనప్పుడు మళ్లీ అంత చాక్లెట్ ఎందుకు?

గులాబీ పూలని మాత్రం ఈ వరుసలో పెట్టకండి. మూడు తీపి వంటలు ఒకేసారి బల్లమీదకొస్తే పోటీ పెట్టినట్టుంటుంది. మూడు గంటలకి రాజుగారి ప్రసంగం టీవీలో వచ్చేటప్పుడు టీతో ఇవ్వండి. వీలైతే అత్తగారిని 24నే మీ ఇంటికి రమ్మని అచ్చు ఆవిడ చేతికివ్వండి. నూనెలో బాగా కాలిన అచ్చుని పిండిలో ముక్కాలు వంతే ముంచాలి, పైదాకా మునిగితే పువ్వు ఊడిరాదని మీ అమ్మగారు మీకు చెప్పే ఉంటారు. అది ఆవిడకి చెప్పండి. మొదటి రెండూ పాడవుతాయి, పాడవనివ్వండి.

ఆ పని చేస్తున్నప్పుడే మీ ఊరి క్రిస్మస్ గురించి చెప్పండి. ఇంటిమీద నక్షత్రం, చలిలో ఇల్లిల్లూ తిరిగిన క్యారల్స్, కొత్తబట్టలు, చర్చి నుంచి రాగానే కజ్జికాయల డబ్బా. "అలవాటవుతుందిలే" అన్న మాటలో, ఈ పండగ నీకు కొత్త అన్న ధ్వని నాకు వినిపించింది. మీకు కొత్త ఆ పుడ్డింగ్ ఒక్కటే. ఈ తేడా ఆవిడకి ఎవరైనా చెప్పారా?

ఇంకో చిన్న విషయం. భోజనానికి తెలుగు స్నేహితుల్ని కూడా పిలుస్తుంటే, పాత పద్ధతి పుడ్డింగ్‌లో వేసే కొవ్వు గొడ్డుదని వాళ్లకి ముందే చెప్పండి. చాలామందికి తెలియదు. కావాలంటే మొక్కల నూనెతో చేసిన కొవ్వు అక్కడి షాపుల్లో దొరుకుతుంది, అత్తగారికి ఆ మాట నవంబరులోనే అనండి.

పుడ్డింగ్ ఎలాగూ మిగులుతుంది. 26న పొద్దున అత్తగారిని అడిగి ఒక పలచటి ముక్క వెన్నలో వేయించి పెట్టమనండి. అంచులు కరకరలాడుతూ, బ్రాందీ వాసన చాలావరకు తగ్గిపోయి ఉంటుంది. అది గొంతు దిగుతుందేమో చూడండి. దిగకపోయినా ట్రైఫిల్ కాస్త మిగిలే ఉంటుంది.