తుఫాను కంటే ముందు పంపు చప్పుడు

తమ్ముడూ,

‘వయోమింగ్’ అనే కొయ్య తెరచాప ఓడ మీద నువ్వు రాసిన వ్యాసం రెండుసార్లు చదివాను. మొదటి వాక్యంలోనే తుఫాను లేపావు, రెండో పేజీకల్లా ఓడను ముంచేశావు. అది బతికిన పద్నాలుగేళ్లకు మాత్రం ఒక్క పేరా. మొహం కూడా తెలియని మనిషి దినానికి భోజనానికి పిలిచినట్టుంది.

1909 డిసెంబరులో అమెరికాలో, మెయిన్ రాష్ట్రం బాత్ ఊళ్లో దాన్ని నీళ్లలోకి దింపారు. ఆరు తెరచాప కొయ్యలు, ముందుకీ వెనక్కీ పొడుచుకొచ్చిన వాసాలతో కలిపి 450 అడుగులు. ఇదంతా రాశావు, బాగుంది. ‘మహానౌక’ అన్న మాట మాత్రం కొట్టెయ్. అది బొగ్గుబండి. వర్జీనియా రాష్ట్రంలోని నార్ఫోక్ రేవు వైపు నుంచి ఉత్తరాదికి బొగ్గు మోయడమే చాలామటుకు దాని బతుకు. ఒక్కో విడతకి 6,000 టన్నుల దాకా పట్టేది. అంత ఓడలో మనుషులు పదిహేను మంది కూడా ఉండరు, ఎందుకంటే తెరచాపలు లేపడానికీ లంగరు ఎత్తడానికీ ఆవిరి యంత్రం ఉంది.

ఇక ఓడలోకి ఊరే నీళ్లు తోడే పంపు సంగతి. దాన్ని నువ్వు సగం వాక్యంలో దాటేశావు. నేనైతే అక్కడే చతికిలబడతాను. అంత పొడుగు కొయ్య ఒళ్లు అలల మీద వంగుతుంది, మెలి తిరుగుతుంది. ఇనప పట్టీలతో బిగించినా పలకల సందులు కదిలి నీళ్లు ఊరతాయి. తోడుతూ ఉండాల్సిందే. ఆ పంపు చప్పుడు చదివేవాడి చెవిలో ముందే పడితే, 1924 మార్చిలో గాలి లేచినప్పుడు నీకు ‘ప్రళయభీకర’ లాంటి మాటలతో పనుండదు.

ఆఖరి ప్రయాణం నార్ఫోక్ నుంచి కెనడాలోని సెయింట్ జాన్‌కి. అదే వేళకి బయల్దేరిన ఐదు కొయ్యల ఓడ కోరా ఎఫ్. క్రెస్సీ. ఈశాన్యపు గాలి ముదిరితే మసాచుసెట్స్ తీరంలోని చాటమ్ దగ్గర, ఇసక తిన్నెల నడుమ, రెండూ లంగరేశాయి. క్రెస్సీ లంగరెత్తి నడిసముద్రంలోకి పోయింది, బతికింది. వయోమింగ్ ఉండిపోయింది. నీ వ్యాసానికి ప్రాణం ఇక్కడుంది, కానీ నువ్వు ఆగలేదు. ఒకసారి ఉప్పాడలో ఒక తండేలును అడిగాను, గాలివానలో ఒడ్డు దగ్గరుంటే మేలు కాదా అని. “ఒడ్డంటేనే టెన్షనండీ మాకు, గాలి అక్కడికే తోసి కొడుతుంది,” అన్నాడు. అలాంటి వాళ్ల దగ్గర ఒక పూట కూర్చునిరా.

కెప్టెన్ తన భార్యను తలుచుకుని కళ్లు తుడుచుకున్న పేజీ తీసెయ్. ఓడలో ఒక్కరూ మిగల్లేదు, నీకెవరు చెప్పారయ్యా? 2003లో ఆ చాటమ్ పక్కనే ఉన్న మోనొమోయ్ దీవి దగ్గర సముద్రం అడుగున శిథిలం దొరికింది. తెలిసింది అక్కడి దాకానే, నువ్వూ అక్కడే ఆగు.

అన్నట్టు, క్రెస్సీ సంగతి వదిలేశావేం? బతికొచ్చిన ఓడ కొన్నేళ్లకు నీటి మీద తేలే నైట్‌క్లబ్ అయింది. ఆ తర్వాత మెయిన్‌లోనే ఒకచోట, లాబ్‌స్టర్లను ఉంచే మడుగుకి అలలు తగలకుండా అడ్డుగా నిలబెట్టారు. అది కూడా చేర్చి మళ్లీ పంపు. ఈసారి చేత్తో రాయకు, నీ ‘ళ’కీ ‘శ’కీ తేడా తెలియక నా కళ్లు పోతున్నాయి.

ఆశీస్సులతో,
మీ అన్నయ్య