కుటుంబానికి ఒక్క రైస్ బ్యాగేనట, మరి తొమ్మిదిమందికి ఎలా?

(2023లో రాసిన ఉత్తరం)

బుజ్జీ,

నిన్న రాత్రి నువ్వు ఫోన్ చేసినప్పుడు మీ పెదనాన్న మందుల హడావుడిలో ఉండి సగం విని సగం వినకుండా ఊఁ కొట్టాను. పడుకున్నాక నువ్వన్న మాట గుర్తొచ్చింది, "పెద్దమ్మా, ఇండియా బియ్యం ఎగుమతి ఆపిందని ఇక్కడ ఇండియన్ షాపులో కుటుంబానికి ఒక్క బ్యాగ్ అని బోర్డు పెట్టారు, వాళ్ళ లెక్కలో కుటుంబమంటే ముగ్గురు, మా ఇంట్లో తొమ్మిదిమందిమి" అని. ఆ మాట నాకు కొత్త కాదే. 1983లో ఎన్టీఆర్ కిలో 2 రూపాయల బియ్యం పెట్టినప్పుడు మనిషికి 5 కిలోలు ఇచ్చేవాళ్ళు, కానీ కార్డుకి 25 దాటకూడదు. తెనాలి దగ్గర మా అత్తగారింట్లో అప్పుడు పదకొండుమందిమి. తలల లెక్కన 55 రావాలి, సంచిలో పడేది 25. అయిదుగురున్న పక్కింటికీ అంతే, మాకూ అంతే. కోటా పెట్టేవాడు గుమ్మాలు లెక్కపెడతాడు గాని కంచాలు లెక్కపెట్టడు, అప్పుడైనా ఇప్పుడైనా, మీ టెక్సాస్ ఫ్రిస్కోలో అయినా.

ముందు టెన్షన్ తగ్గించుకో. ఇండియా వాళ్ళు ఈ 2023 జూలై 20న ఆపింది బాస్మతి కాని తెల్ల బియ్యం ఎగుమతిని. అక్కడ ధరలు పెరిగాయనీ వానలు సరిగా లేవనీ ఆపారు. బాస్మతి ఆపలేదు, ఉప్పుడు బియ్యం కూడా ఆపలేదు. ఇడ్లీ రైస్ అని నువ్వు కొనేది ఉప్పుడు బియ్యమే కాబట్టి ఇడ్లీ పిండికి ఢోకా లేదు. పైగా అప్పటికే ఓడలకెక్కుతున్న సరుకుని వదిలేశారు, అమెరికాకి ఓడ రావడానికే నెల పైన పడుతుంది, అంటే మొన్న మీ ఊళ్ళో జనం బండ్లు తోసుకుంటూ కొట్టుకున్నంత అవసరం ఆ రోజుకి లేనే లేదు. షాపు ఖాళీ అయింది బియ్యం రాక కాదు, మనం ఎగబడి. నువ్వు 32 డాలర్లు పెట్టి కొన్న బ్యాగ్ అంతకుముందు వారం ఎంతో నీకు తెలుసు.

సరే, ఇప్పుడు లెక్క. పెన్ను తెచ్చుకో.

నీ బ్యాగ్ 20 పౌండ్లు, అంటే 9 కిలోలు. రైస్ కుక్కర్‌తో ఇచ్చే కప్పుతో కొలిస్తే సుమారు 60 కప్పులు. మీ ఇంట్లో మధ్యాహ్నం ఆరు, రాత్రి ఆరు వండుతున్నావన్నావు కదా, అంటే బ్యాగ్ అయిదు రోజులకే ఖాళీ. అందుకే నీకు గుండె దడ. అదే రాత్రి పూట రెండు కప్పులకి దించావనుకో, మీ అత్తగారికీ మామగారికీ మీ అమ్మకీ పెరుగన్నం మటుకు, రోజుకి ఎనిమిది కప్పులు, బ్యాగ్ వారం దాటుతుంది. వారానికి ఒక బ్యాగ్ ఎలాగూ ఇస్తున్నారు. చూశావా, రెండో బ్యాగ్ కోసం పరిగెత్తే పనే లేదు. అన్నం తగ్గించమనడం లేదు నేను, మధ్యాహ్నం కడుపునిండా పెట్టు, లోటు తెలియనివ్వకు. రాత్రి మాత్రం అన్నం కాకుండా ఇంకేదైనా ఆ ఇంటిని మోయాలి, అంతే నేను చెప్పేది. బ్యాగులు లెక్కపెట్టడం మానేసి వారానికి ఎన్ని పూటలు అన్నమో లెక్కపెట్టు.

మా అత్తగారు బియ్యం కొలిచే తీరు నాకింకా కళ్ళకి కట్టినట్టుంటుంది. ఇత్తడి సోల డబ్బాలో ముంచి, పైన అరచెయ్యి పెట్టి తలకొట్టి, చేటలో పోసేది. అలా కావలసినన్ని సోలలు పోశాక చేటలోంచి ఒక గుప్పెడు తీసి వేరే కుండలో వేసేది, పూటపూటకీ, ఎంత లేకపోయినా సరే. కోడళ్ళం మేం లోపల నవ్వుకునేవాళ్ళం, ఈ గుప్పెడుతో ఏమొస్తుందని. నెలాఖరున చుట్టాలొస్తే ఆ కుండే దిక్కయ్యేది. నువ్వూ ఒక డబ్బా పెట్టుకో. ఎందుకు చెప్తున్నానంటే ఈసారి అధిక శ్రావణం వచ్చి వరలక్ష్మీ వ్రతం ఆగస్టు 25కి పడింది, నీకు టైముంది. కలశం కింద పోయడానికి, పరమాన్నానికి, ముత్తయిదువులకి ఒక రెండు కిలోలు ఇప్పటినుంచే గుప్పెడు గుప్పెడు దాచు. కలశం కింద బియ్యం మర్నాడు ఎలాగూ వంటకే వాడతావు. పులిహోరకి మాత్రం బాస్మతి వెయ్యి, ఎవరికీ తెలియదు, తెలిసినా పొడిపొడిగా వచ్చిందని మెచ్చుకుంటారు.

రాత్రి ఏం పెట్టాలంటావా. రోజూ చపాతీలంటే తొమ్మిదిమందికి నీ నడుం విరుగుతుంది, వద్దు. రెండు రోజులు చపాతీ, అదీ మీ మరిది వత్తేట్టయితేనే. ఇరవై నాలుగేళ్ళ కుర్రాడు, మాస్టర్స్ చదివేవాడికి చపాతీ కర్ర పట్టుకోవడం రాదంటే నేను నమ్మను. ఒకరోజు గోధుమ రవ్వ ఉప్మా, కూరగాయ ముక్కలు బాగా వేసి. ఒకరోజు పెసరట్టు, దానికి బియ్యమే అక్కర్లేదు, వేస్తే ఒక గుప్పెడు. పిల్లలకి పాస్తా చేసినరోజు పెద్దవాళ్ళకి ఇడ్లీ. ఇంకోటి చెప్తాను, నాకు ఇక్కడ న్యూజెర్సీ ఎడిసన్‌లో పక్కింట్లో ఉండే కరీంనగర్ ఆవిడ నేర్పింది. మీ ఊళ్ళో అమెరికన్ షాపులో గ్రిట్స్ అని మొక్కజొన్న రవ్వ దొరుకుతుంది చూడు, చవక, దానికి ఎవరూ కోటా పెట్టరు. ఆవిడ దాంతో మక్క గటక చేస్తుంది. ఒకటికి నాలుగు నీళ్ళు మరిగించి, ఉప్పేసి, రవ్వ పోస్తూ ఉండ కట్టకుండా కలుపుతూ సన్నమంట మీద ఉడికించి, దింపాక పల్చటి మజ్జిగ పోసుకుని పచ్చి ఉల్లిపాయ కొరుక్కుంటూ తింటారు. మొదట నేను మొహం చిట్లించాను. ఇప్పుడు వారానికోసారి మేమే చేసుకుంటున్నాం. గోంగూర పచ్చడితో అయితే ఇక చెప్పక్కర్లేదు. ఇన్‌స్టంట్ అని రాసి ఉన్న గ్రిట్స్ మాత్రం కొనకు, జావయిపోతుంది.

మీ మామగారి జోలికి వెళ్ళకు. ఆయనకి అన్నం ముద్ద పప్పుతో కలిస్తే తప్ప తిన్నట్టుండదు. ఆయన మీద ప్రయోగాలు చేస్తే ఇంట్లో బియ్యం కొరత కంటే పెద్ద గొడవ అవుతుంది. నోటికి ఇష్టమైనది పెద్దవాళ్ళకి ఆపి, రేపోమాపో బర్గర్ తినేసే వాళ్ళకి పెట్టడం ఎందుకు? మా ఇంట్లో కూడా మామగారికి సన్నబియ్యం విడిగా వండేవాళ్ళం, మిగతా అందరం కోటా బియ్యం. ఆడవాళ్ళం ఆఖర్న తినేవాళ్ళం, గిన్నెలో ఎంత ఉంటే అంత. అది మాత్రం నువ్వు నేర్చుకోకు. అందరూ తిన్నాక కూర్చునే అలవాటు నీకూ ఉందని మీ అమ్మ చెప్పింది, దొంగచాటుగా కాదులే, బాధపడుతూ చెప్పింది. నీ కంచం ముందు పెట్టుకో.

సోనా మసూరి దొరకని వారం ఏం కొనాలో విను. (మన బాపట్లలో పుట్టిన వంగడం కోసం డాలస్‌లో కొట్టుకుంటున్నారని ఊళ్ళో చెప్తే నమ్మరు.) థాయిలాండ్ జాస్మిన్ రైస్ మనకి బాగా దగ్గర, కానీ సోనా మసూరికి పోసినట్టు నీళ్ళు పోస్తే ముద్దయి కూర్చుంటుంది. కప్పుకి కప్పున్నర నీళ్ళు దాటనివ్వకు, మూడుసార్లు కడుగు. కాలిఫోర్నియా కాల్‌రోజ్ ఉంటుంది, గింజ లావుగా బంకగా ఉంటుంది, పప్పూ చారూ కలుపుకోవడానికి పనికిరాదు గాని పెరుగన్నానికీ పొంగలికీ దాన్ని మించింది లేదు. అమెరికన్ లాంగ్ గ్రెయిన్ అయితే మధ్యాహ్నం అన్నానికి పరవాలేదు, ఓ అరగంట నానబెట్టు. దేన్నీ మొదటిసారే ఆరు కప్పులు వండెయ్యకు. ఒక కప్పు వండి చూసి, నీళ్ళ లెక్క కుదిరాక అప్పుడు పెద్ద కుక్కర్ పెట్టు. నేను 2020లో ఒక రోజు ఎనిమిది కప్పుల జాస్మిన్ రైస్ గంజిలా చేసి, పారెయ్యలేక మూడు రోజులు వడియాలు పెట్టాను. మార్చి నెల న్యూజెర్సీలో వడియాలు, ఎండేదెప్పుడు, అవెన్‌లో ఎండబెట్టాను.

కొత్త బియ్యమో పాతవో కూడా చూసుకో. పాతబియ్యం బాగా ఒదుగుతాయి, అదే అయిదు కప్పులకి గిన్నె నిండుతుంది. బ్యాగ్ మీద ఉంటే చూడు, లేకపోతే షాపులో అడుగు.

కందిపప్పు కూడా కొండెక్కుతోంది, దాని సంగతీ చెప్తాను. అమెరికన్ షాపుల్లో ఎల్లో స్ప్లిట్ పీస్ అని పౌండ్ ప్యాకెట్లలో దొరుకుతాయి, బఠాణీ పప్పు. సగం కంది, సగం అది. కుక్కర్లో పొంగి విజిల్‌కి అడ్డం పడుతుంది, ఒక నూనె చుక్క వెయ్యి. పోపులో ఇంగువ కాస్త ఎక్కువ పడాలి, లేకపోతే రాత్రికి అందరికీ పొట్ట ఉబ్బరం. సాంబారులో ఎవరూ కనిపెట్టలేరు. ముద్దపప్పుకి మాత్రం కందిపప్పే వాడు, అక్కడ మోసం దాగదు. ఎర్రపప్పు ఆకుకూరలకి బాగుంటుంది, పావుగంటలో ఉడుకుతుంది.

పాలు, గుడ్లు ఇప్పుడు బాగానే దొరుకుతున్నాయి కాబట్టి దాని గురించి ఎక్కువ రాయను. 2020 మార్చిలో కోవిడ్ వచ్చినప్పుడు మాత్రం మా దగ్గర షాపులో మనిషికి ఒక్క గ్యాలన్ పాలు, ఒక్క డజను గుడ్లు అని పెట్టారు. ఇంట్లో ఏడుగురం, పెరుగు లేనిదే ముద్ద దిగని వాళ్ళం. అప్పుడు అట్టపెట్టెల్లో వచ్చే నిలవ పాలు గోరువెచ్చగా చేసి మంచి తోడు వేస్తే పెరుగు గడ్డలా తోడుకుంటుందని తెలిసింది. అవి నాలుగు డబ్బాలు ఉంచుకో, తొందరగా పాడయ్యేవి కావు. తోడు మాత్రం అయిపోనివ్వకు, రెండు చెంచాలు చిన్న డబ్బాలో వేసి ఫ్రీజర్లో పడెయ్యి.

ఆ రోజుల్లోనే నేను చేసిన తెలివితక్కువ పని కూడా చెప్తాను, నవ్వుకో. దొరకదేమోనన్న భయంతో 20 పౌండ్ల గోధుమపిండి బ్యాగులు మూడు కొన్నాను. గుడ్ల కోసం మీ పెదనాన్ననీ, పిల్లనీ, నన్నూ మూడు వేర్వేరు లైన్లలో నిలబెట్టాను, ఒకరికొకరం తెలియనట్టు. కౌంటర్ దగ్గర అమ్మాయి చూసింది, ఏమీ అనలేదు, నవ్వి ఊరుకుంది. ఆ నవ్వుకి నాకు వారం రోజులు నిద్ర పట్టలేదు. జూన్‌కల్లా పిండి చేదెక్కింది, ఒకటిన్నర బ్యాగ్ చెత్తలో పోశాను. మా వెనక లైన్లో చేతులూపుకుంటూ వెళ్ళిపోయిన వాళ్ళలో ఇంట్లో ఎందరున్నారో నాకేం తెలుసు?

అందుకని మనుషుల్ని విడివిడిగా పంపకు. దానికంటే జనం లేని టైములో, వారం మధ్యలో పొద్దున్నే వెళ్ళి మేనేజర్‌తో నోరు విప్పి చెప్పు. "మా ఇంట్లో తొమ్మిదిమందిమి, ముగ్గురు పెద్దవాళ్ళు, ముగ్గురు పిల్లలు, వారానికి ఒకటి చాలు గాని అది గ్యారంటీగా కావాలి, లోడ్ ఏ రోజు వస్తుంది?" అని అడుగు. రెండు బ్యాగులిమ్మని అడిగితే కసురుకుంటారు, ఒక్కటి తప్పకుండా కావాలంటే చాలాసార్లు పేరు రాసుకుంటారు. మన వాళ్ళే కదా కౌంటర్ దగ్గర ఉండేది, వాళ్ళకీ ఇంట్లో అత్తామామలుంటారు. మాకు అప్పుడు అలాగే ఒకాయన బుధవారం ఫోన్ చేసేవాడు.

మిగిలిన అన్నం సంగతి నీకు చెప్పక్కర్లేదు గాని పిల్లలకి చెప్పు. కంచంలో పెట్టించుకునేముందే తక్కువ పెట్టించుకోమను, రెండోసారి అడగొచ్చు. రాత్రి మిగిలిన అన్నంలో గోరువెచ్చని పాలు, మజ్జిగ చుక్క వేసి ఉంచితే పొద్దున్నకి చద్దన్నం, నలుగురు దాంతోనే లేస్తారు. మీ అత్తగారికి షుగర్ కదా, ఆవిడకి పొద్దున్న జొన్నరొట్టె అలవాటైతే ఆవిడే చేసుకుంటుంది, వేడినీళ్ళతో కలపమను, లేకపోతే విరుగుతుంది.

ఇంకొకటి, అసలు ఇదే ముందు చెప్పాలి. మీ ఆయనా మరిదీ మొదటిరోజు ఎగబడి తెచ్చిన ఆ రెండు బ్యాగులూ గ్యారేజీలో పెట్టావన్నావు. టెక్సాస్ ఆగస్టు ఎండకి ఆ గ్యారేజీ కొలిమిలా ఉంటుంది, ముక్కపురుగు పట్టడానికి నెల చాలు. ఈ రోజే లోపలికి తెప్పించు. ఒకటి విప్పి, మూత గట్టిగా పడే డబ్బాల్లో పోసి, ఒక్కోదాంట్లో నాలుగైదు ఎండుమిరపకాయలు పడెయ్యి. వేపాకు దొరికితే నీడలో ఎండబెట్టి వెయ్యి, పచ్చిది వేస్తే చెమ్మ పడుతుంది. ఫ్రీజర్లో చోటుంటే చిన్న చిన్న కవర్లలో కట్టి నాలుగు రోజులు ఉంచి తీసినా పురుగు రాదు. రెండో బ్యాగ్ మీ వీధి చివర ఉంటోందన్న ఆ బాలింత పిల్లకి నువ్వు కొన్న రేటుకే ఇచ్చెయ్యి, లాభం చూసుకోకు, ఆ పిల్ల లైన్లో ఎక్కడ నిలబడుతుంది పాపం.

ఆదివారం చేస్తాను. గటక చేశావో లేదో, మీ మామగారు ఏమన్నారో చెప్పు.

మీ పెద్దమ్మ