గుండెకు స్టెంట్ ఉంది.. కడుపు క్యాన్సర్‌కు ల్యాపరోస్కోపీ చేయించవచ్చా?

ప్రశ్న: మా నాన్నగారికి 67 ఏళ్లు. బరువు తగ్గిపోతుంటే కాకినాడలో ఎండోస్కోపీ చేయించాం. జీర్ణాశయం కింది భాగంలో క్యాన్సర్ అని తేలింది. పక్కనున్న లింఫు గ్రంథులు ఉబ్బాయిగానీ వేరే అవయవాలకు పాకలేదన్నారు. షుగరు ఉంది. నాలుగు నెలల క్రితం స్టెంట్ వేశారు. చుట్ట అలవాటు, ఆయాసం కూడా. ఒక సర్జన్ చిన్న రంధ్రాలతో చేస్తామంటున్నారు. ఇన్ని జబ్బులుంటే కోసి చేయడమే మేలని మరొకరు అంటున్నారు. ఎవరి మాట వినాలి?
– ఓ పాఠకుడు, రాజోలు

జవాబు: ఇద్దరి మాటలోనూ నిజం ఉంది. పైపొట్ట మీద పెద్ద కోత పెడితే నొప్పికి గట్టిగా ఊపిరి తీయలేరు, దగ్గలేరు. కఫం పేరుకుని న్యుమోనియా రావచ్చు. చుట్ట తాగే మనిషికి ఈ ముప్పు మరీ ఎక్కువ. రంధ్రాలతో చేస్తే అది తగ్గుతుంది, షుగరున్నవాళ్లకు గాయం చీము పట్టే బెడదా తక్కువే. లోపల చేసే పని మాత్రం రెండింటిలో ఒకటే. జీర్ణాశయం కింది భాగపు క్యాన్సర్‌లో, చేయి తిరిగిన సర్జన్లు రంధ్రాలతో చేస్తే, కోతతో పోలిస్తే ఆయుర్దాయం ఏమాత్రం తగ్గడం లేదని కొరియా, చైనాల్లో జరిగిన పెద్ద అధ్యయనాల్లో తేలింది. కానీ చైనా అధ్యయనంలో ఇటీవల గుండెపోటు వచ్చినవారిని చేర్చుకోలేదు.

రెండో సర్జన్ భయమూ అదే. ల్యాపరోస్కోపీలో పొట్టలోకి కార్బన్ డయాక్సైడ్ నింపుతారు. ఒత్తిడి, బీపీ కొలిచే లెక్కలో, సుమారు 12 మిల్లీమీటర్లు ఉంటుంది. దాంతో ఊపిరితిత్తులకు చోటు తగ్గుతుంది, గుండెకు తిరిగొచ్చే రక్తమూ తగ్గుతుంది. గుండె పంపింగ్ బాగుంటే తట్టుకుంటుంది. అందుకే ఎకో, ఊపిరితిత్తుల పరీక్ష చూశాక మత్తు డాక్టరు చెప్పే మాటకే నేనైతే ఎక్కువ విలువిస్తాను. మధ్యలో ఇబ్బందైతే కోతకు మారతారు, దాన్ని ఆపరేషన్ చెడిపోయినట్టు అనుకోవద్దు.

నిజానికి మీకు ముందు తేలాల్సింది రంధ్రమా, కోతా అన్నది కాదు, ఆపరేషన్ ఎప్పుడన్నది. స్టెంట్ వేసిన తొలి ఆరు నెలల్లో రక్తం పలచబరిచే మాత్రలు ఆపితే అందులో గడ్డ కట్టవచ్చు, ఆపకుండా కోస్తే రక్తస్రావం. గ్రంథులు ఉబ్బాయి కాబట్టి సాధారణంగా ముందు కీమో ఇస్తారు, రెండేసి వారాలకోసారి నాలుగు విడతలు. ఈలోగా ఆరు నెలలూ నిండుతాయి. అయితే కీమోలో వాడే ఫ్లోరోయురాసిల్ కొందరిలో గుండె రక్తనాళాలను బిగుసుకుపోయేలా చేస్తుంది. మొదలుపెట్టే ముందే క్యాన్సర్ డాక్టరు, గుండె డాక్టరు మాట్లాడుకోవాలి. రక్తం పలచబరిచే ఆ మాత్రలు (క్లోపిడోగ్రెల్, ఆస్పిరిన్) మీ అంతట మీరు ఆపొద్దు.

ఆ రెండు నెలలూ ఊరికే పోనివ్వకండి. చుట్ట ఈరోజే మానాలి. బంతుల పరికరంతో ఊపిరి సాధన, ఓపికున్నంత నడక చేయించండి. గుడ్లు, చేపలు బాగా పెట్టండి, పులసే కానక్కర్లేదు. షుగరుకు డాపాగ్లిఫ్లోజిన్ లాంటి మాత్ర వాడుతుంటే సర్జన్‌కు చెప్పండి, దాన్ని ఆపరేషన్‌కు కనీసం మూడు రోజుల ముందు ఆపిస్తారు. ఆపరేషన్ తర్వాత కొంచెం కొంచెంగా ఆరుసార్లు తినాలి. పూతరేకులు, బెల్లం మిఠాయిల జోలికి పోతే చెమటలు, గుండెదడ, విరేచనాలు పట్టుకుంటాయి.

మలం నల్లగా తారులా వచ్చినా, తిన్నదల్లా వాంతైపోతున్నా ఈ వరుసంతా మారిపోతుంది. అపాయింట్‌మెంట్ తేదీ కోసం ఆగకుండా ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్లండి.